మా ఫ్రిజ్‌లోని కరోనా టీకా

మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ కొన్నది మా కోసం కాదు, కోళ్ల కోసం. మాది అనపర్తి దగ్గర ఊరు. 1990ల మొదట్లో నాన్న, బాబాయి కలిసి గుడ్ల కోళ్ల ఫారం పెట్టినప్పుడు టీకా సీసాలు చల్లగా ఉంచడానికని ఆ ఫ్రిజ్ వచ్చింది. ఎండాకాలం మంచినీళ్ల కోసం తలుపు తీస్తే చాలు, అమ్మ వంటింట్లోంచే కేకేసేది: "మాటిమాటికీ తియ్యకురా, మందులు పాడైపోతాయి!" పెరుగు గిన్నె పక్కన వేలెడంత గాజు సీసాలు వరసగా ఉండేవి. ఒకదాని మీద లాసోటా అని, అంటే కొక్కెర తెగులు మందు. ఒకదాని మీద గంబోరో. ఇంకోదాని మీద ఐబీ.

ఐబీ అంటే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్. ఆ జబ్బు తెచ్చేది ఒక కరోనా వైరస్. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు ఈ సంగతి తెలిసింది గానీ అప్పటికి అది నాకు రెండు మార్కుల ప్రశ్న, అంతే.

2020 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి బాబాయి ఫోన్ చేశాడు. పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు కాలేజీలో పిల్లలకి ఇవే చెప్తావు గదా. మనం కోళ్లకేసే ఐబీ మందు కరోనాదేనంట, నిజవేనా?"

"నిజమే బాబాయ్. కానీ అది వేరే కరోనా. మనుషులకి అంటదు."

"ఆ రెండో ముక్క ఎవడు వింటాడ్రా? మొదటి ముక్క వినేసి పోతాడు. నువ్వెక్కడా అనకు."

అనలేదు. అప్పటికే చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్ నిండా పుకార్లు. బ్రాయిలర్ ధర మేత ఖర్చుకి కూడా చాలనంతగా పడిపోయింది. ఫిబ్రవరి ఆఖర్లో హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి, కెమెరాల ముందు చికెన్ ముక్కలు తిని చూపించాల్సి వచ్చింది. అలాంటప్పుడు "కోళ్లకీ ఒక కరోనా ఉంది" అన్నానంటే మా ఊళ్లో నన్ను చెట్టుకి కట్టేసేవాళ్లు. అందరం ఒకటే పాట పాడాం: కోడికీ కరోనాకీ ఏ సంబంధమూ లేదు.

ఇన్నేళ్ల తర్వాత నాకు అనిపించేది ఏమిటంటే, ఆ అబద్ధం వల్ల మనం బాగా నష్టపోయాం. చికెన్ తింటే జబ్బు రాదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కోళ్ల ఫారంవాళ్లకి ఈ వైరస్ జాతి గుణం తరాలుగా తెలుసన్నది కూడా నిజమే. టీకా ఏం చేయగలదో, ఏం చేయలేదో, గాలి ఎంత ముఖ్యమో, మందు ఎక్కడ చల్లితే దండగో వాళ్లు నష్టపోయి మరీ నేర్చుకున్నారు. ఆ రెండేళ్లూ వాళ్లని ఒక్కరూ ఏమీ అడగలేదు. మేమూ నోరు మూసుకున్నాం.

ముందు కొంచెం చరిత్ర. 1931లో అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లలు నోరు తెరుచుకుని ఊపిరి కోసం ఎగబీల్చి చనిపోతున్నాయని ఇద్దరు పశువైద్య పరిశోధకులు రాశారు. 1937కల్లా ఆ వైరస్‌ని పొదిగిన గుడ్లలో పెంచడం వచ్చింది. మనుషుల కరోనా దొరికింది చాలా ఆలస్యంగా, 1960ల మధ్యలో. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం ఉండేది. అక్కడ డేవిడ్ టిరెల్‌కి, మామూలు పద్ధతుల్లో పెరగని ఒక జలుబు వైరస్ దొరికింది. దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి పెట్టమని జూన్ అల్మీడా అనే ఆవిడని అడిగారు. గ్లాస్గోలో బస్సు డ్రైవర్ కూతురు ఆవిడ. పదహారేళ్లకే చదువు ఆపి లాబ్‌లో పనికి చేరింది. అలాంటి ఆకారాన్ని ఆవిడ అంతకు ముందే చూసింది, కోళ్ల ఐబీ వైరస్‌లో! అప్పుడు ఆ బొమ్మలతో వ్యాసం పంపితే, ఇవి ఫ్లూ వైరస్‌కి సరిగ్గా రాని ఫొటోలని తిప్పి పంపించారట. తర్వాత మనుషుల వైరస్‌లోనూ అదే కిరీటం కనిపించాక, 1968లో ఈ కుటుంబానికి కరోనా అని పేరు పెట్టారు. అంటే మన జలుబు ఫలానా ఇంటిదని గుర్తుపట్టింది కోడి పోలికల్ని బట్టే.

ఆ ఇల్లు పెద్దది. అందులో నాలుగు వాటాలు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. (2021లో మనల్ని ముంచెత్తిన డెల్టా వేరియంట్‌కీ ఈ డెల్టా వాటాకీ చుట్టరికం లేదు. శాస్త్రవేత్తలకి గ్రీకు అక్షరాలు తప్ప ఇంకేం దొరకవు కాబోలు.) మొదటి రెండు వాటాలూ పాలిచ్చే జంతువులవి, తర్వాతి రెండూ ఎక్కువగా పక్షులవి. మా ఐబీది గామా. మనుషులకి సోకేవి మొత్తం ఏడు. అందులో నాలుగు మామూలు జలుబు తెప్పించేవి, మన ముక్కుల్లో ఏటా తిరిగేవే. మిగిలిన మూడూ 2002లో చైనాలో మొదలైన సార్స్, 2012లో సౌదీలో ఒంటెల నుంచి వచ్చిన మెర్స్, తర్వాత కోవిడ్.

వైరస్ అంటే నా క్లాసులో పిల్లలకి ఒకటే చెప్తాను. నెయ్యి రాసిన సంచిలో పెట్టిన ఉత్తరం అనుకోండి. ఉత్తరం ఆర్‌ఎన్‌ఏ, దాదాపు 30,000 అక్షరాలు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ఇంత పొడుగు ఉత్తరం చాలా అరుదు. ఫ్లూ వైరస్‌ది ఇందులో సగం కూడా ఉండదు. సంచి కొవ్వు పొర, అది కూడా వైరస్ సొంతం కాదు, బయటికొచ్చేటప్పుడు మన కణంలోంచే కొట్టుకొచ్చింది. సబ్బు పెడితే చచ్చేది అందుకే. నెయ్యి చేతిని ఉత్త నీళ్లతో కడిగితే జిడ్డు పోదు, సబ్బు రాస్తే పోతుంది కదా. ఆ సంచి మీద నిలబడ్డ కొమ్ములే స్పైక్ ప్రోటీన్. కణం తలుపుకి సరిపోయే తాళంచెవి అదే. కోవిడ్ వైరస్ తాళంచెవి మన ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఉండే ఏస్-2 అనే తలుపుకి పడుతుంది. ఐబీ తాళంచెవి కోడి గొంతులో పడుతుంది, మన తలుపులకి పట్టదు. బాబాయి ఎవరూ వినరన్న రెండో ముక్క ఇదే.

లోపలికి వెళ్లాక అది చేసే పనుల్లో నాకు ముచ్చటేసేది ఒకటుంది. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు మామూలుగా తప్పుల తడకగా నకళ్లు రాసుకుంటాయి. ఉత్తరం చిన్నదైతే ఫర్వాలేదు. 30,000 అక్షరాలు అలా రాస్తే అర్థమే మిగలదు. అందుకని కరోనా వైరస్‌లకి ఒక ప్రూఫ్ రీడర్ ఉంటుంది. తప్పు అక్షరం పడితే వెనక్కి వచ్చి కత్తిరించి మళ్లీ రాయించే ఎంజైమ్ అది. ఫ్లూతో పోలిస్తే ఇవి నెమ్మదిగా మారేది ఈ దిద్దుబాటు వల్లనే. నెమ్మదిగా అంటే మారవని కాదు. కోట్లమందిలో తిరుగుతుంటే నెమ్మది కూడా వేగమే అవుతుంది. పైగా వీటికి ఇంకో అలవాటుంది. ఒకే కణంలో రెండు రకాలు కలిస్తే, ఒకదాన్ని చూసి రాస్తూ రాస్తూ మధ్యలో రెండోదాని మీదికి దూకుతాయి. సగం ఇది, సగం అది కలిసి మూడోది పుడుతుంది. కోళ్లలో ఈ అతుకుల బొంతలు కొల్లలు.

మా చిన్నప్పుడు ఐబీ టీకా వేసే రోజంటే ఇంట్లో పెళ్లి హడావిడి. తెల్లారకముందే పదిమంది కూలీలు వచ్చేవాళ్లు. పిల్లని పట్టుకోవాలి, తల పక్కకి తిప్పాలి, కంట్లో ఒక చుక్క వెయ్యాలి, అది లోపలికి ఇంకేదాకా ఆగి వదలాలి. మందులో నీలం రంగు కలిపేవాళ్లు, ఎవరికి వేశారో తెలియడానికి. సాయంత్రానికి మా వేళ్లూ నీలమే, కోడిపిల్లల కళ్లూ నీలమే. పెరిగిన కోళ్లకైతే నీళ్లలో ఇచ్చేవాళ్లు. రెండు గంటలు నీళ్లు ఆపి, దాహం ఎక్కించి, టీకా కలిపిన నీళ్లు పెట్టడం. ఆ నీళ్లలో ముందు పాలపొడి కలపాలి. బ్లీచింగ్ క్లోరిన్ ఏమన్నా మిగిలుంటే టీకాలోని బతికున్న వైరస్ చచ్చిపోతుంది కదా, ఆ క్లోరిన్‌ని పాలపొడి పట్టేస్తుంది. ఆ పాలపొడి డబ్బా మా తమ్ముడు ఎంత ఖాళీ చేసేవాడో ఇక్కడ రాయను.

అసలు సంగతి ఏమిటంటే, చుక్క కంట్లోనే ఎందుకు? సూదితో కండలో వేస్తే పోయేది కదా! పశువుల డాక్టరుగారు నాన్నకి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు: "దొంగ వీధి గుమ్మంలోంచి వస్తాడండి. కాపలావాణ్ణి పెరట్లో కూర్చోబెడితే ఏం లాభం?" కంట్లో వేసిన చుక్క ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. అక్కడి తడి పొరల్లోనే కాపలా తయారవుతుంది. ఆ తర్వాత, గుడ్లు పెట్టడం మొదలయ్యే ముందు, చంపిన వైరస్‌తో చేసిన నూనె టీకా సూదితో వేస్తారు. అది రక్తంలో యాంటీబాడీలు పెంచి లోపలి అవయవాల్ని, ముఖ్యంగా గుడ్డు తయారయ్యే గొట్టాన్ని కాపాడుతుంది. గుమ్మం దగ్గర ఒకరు, పెరట్లో ఒకరు. రెండూ కావాలి.

మన దేశంలో 2021, 2022ల్లో మనుషులకి వేసిన కోవిడ్ టీకాలన్నీ భుజానికే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్ చంపిన వైరస్ టీకా. బయలాజికల్-ఈ వాళ్ల కోర్బెవాక్స్‌లో స్పైక్‌లోని ఒక ముక్కని ఈస్ట్ కణాల్లో పెంచి ఇచ్చారు. ఇవన్నీ పెరటి కాపలావాళ్లు. ఊపిరితిత్తుల్ని బాగా కాపాడాయి. మొదటి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా 1.44 కోట్ల మరణాలు తప్పాయని ఒక గణిత నమూనా లెక్కగట్టింది. కానీ ముక్కులోకి వైరస్ రాకుండా పూర్తిగా ఆపలేకపోయాయి. ఆపలేదని తెలిసినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన లిఫ్టులో నన్ను నిలదీశాడు. "రెండు డోసులూ వేయించుకున్నానండీ, అయినా వచ్చింది. ఇంకెందుకండీ ఈ టీకాలు?" వారం రోజుల జ్వరంతో లేచి తిరుగుతున్న మనిషి అడుగుతున్న ప్రశ్న అది.

ఆయన్ని తప్పుపట్టను. ఆయనకి ముందు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. "టీకా వేసుకుంటే ఇక రాదు" అన్నట్టుగానే ప్రచారం నడిచింది. కానీ ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయమా? ఇంగ్లండ్‌లో కొంతమంది వలంటీర్ల ముక్కుల్లో జలుబు కరోనా వైరస్ వేసి చూసిన పరిశోధన 1990లోనే అచ్చయింది. ఏడాది తర్వాత అదే వైరస్ మళ్లీ వేస్తే చాలామందికి మళ్లీ సోకింది, కాకపోతే జబ్బు పడలేదు. ముక్కులో కాపలా ఏడాది తిరిగేసరికి సడలిపోతుందన్నమాట. కోళ్ల ఫారంలో ఈ మాట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఐబీ టీకా మళ్లీమళ్లీ ఎందుకు వేస్తామో వాళ్లకి తెలుసు. టీకా పడ్డ షెడ్డులో కూడా వైరస్ తిరుగుతుంటుందనీ తెలుసు. వాళ్ల లెక్క వేరు: గుడ్లు పడిపోలేదు, కోళ్లు చావలేదు, అంతే చాలు.

2023 జనవరిలో భారత్ బయోటెక్ ముక్కులో వేసే టీకా కూడా తెచ్చింది. పెద్దగా ఎవరూ వేయించుకోలేదు. అప్పటికి జనం విసిగిపోయారు. గుమ్మం దగ్గర కాపలా గురించి కోళ్ల డాక్టరుగారి మాట మూడేళ్ల ముందే ఎవరైనా గట్టిగా పట్టుకుని ఉంటే, ఆ పరిశోధనకి ఇంకాస్త డబ్బూ తొందరా దొరికేవేమో అని నాకు అనుమానం.

ఇక్కడ నా వాదానికి ఎదురుతిరిగే కోడి ఒకటుంది. దాన్ని దాచను. మారెక్స్ అని కోళ్లలో ఇంకో జబ్బు ఉంది, అది హెర్పిస్ జాతి వైరస్. దాని టీకా కోడి ప్రాణం కాపాడుతుంది గానీ వ్యాప్తిని ఆపదు. అలాంటి టీకాల వల్ల, మామూలుగా అయితే కోడిని చంపేసి తానూ పోయే ముదురు రకాలు కూడా బతికిపోయి తిరగగలవని 2015లో ఒక పరిశోధన చూపించింది. కోవిడ్ టీకాలొద్దనేవాళ్లు దీన్ని పట్టుకుని ఊరేగారు: చూశారా, టీకాలే వేరియంట్లని పుట్టిస్తాయి అని. తేదీలు చూడండి. డెల్టా మన దేశంలో 2020 అక్టోబర్ నాటి నమూనాల్లోనే ఉంది. మన దగ్గర టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. టీకా లేని కోట్లమందిలో విచ్చలవిడిగా తిరిగే పుట్టింది అది.

వేరియంట్ల మాట వచ్చింది కాబట్టి మన సొంత కథ ఒకటి. 2021 మేలో "కర్నూలు వేరియంట్", "విశాఖ వేరియంట్" అని టీవీల్లో మోత మోగిపోయింది గుర్తుందా? దాని గుర్తు ఎన్440కే అనే మార్పు. స్పైక్‌లో 440వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారింది, అంతే. మిగతావాటికంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని గ్రాఫిక్స్ వేసి చూపించారు. పక్క రాష్ట్రాల్లో మనవాళ్లని అనుమానంగా చూశారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు మాత్రం, అది తగ్గిపోతోంది, దాని చోటు వేరే రకం ఆక్రమిస్తోంది అని చెప్పారు. ఆ వేరే రకం డెల్టా కుటుంబమే. అంటే మనం భయపడాల్సింది వదిలేసి, పోయేదాన్ని చూసి భయపడ్డాం. వేరియంట్ పేరు వినగానే ముదిరిపోయిందనుకోవడం పొరపాటు. పందుల్లో అయితే దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. పందిపిల్లల్ని విరేచనాలతో చంపే ఒక కరోనా వైరస్, స్పైక్ జన్యువులో ఒక పెద్ద ముక్క పోగొట్టుకుని, పేగుల్ని వదిలి ఊపిరితిత్తులకి మకాం మార్చింది. 1984లో బెల్జియంలో దాన్ని గుర్తించారు. అది తెచ్చే జబ్బు స్వల్పం, పైగా అది సోకిన పందులకి పాత ముదురు వైరస్ నుంచి రక్షణ వచ్చింది. ఊరికే దొరికిన టీకా! అలాగని ప్రతిసారీ అలా జరుగుతుందని కూర్చుంటే కుదరదు. 2013లో అమెరికాకి చేరిన ఇంకో పంది కరోనా అక్కడ లక్షల పందిపిల్లల్ని పొట్టనబెట్టుకుంది.

ఇక షెడ్డు సంగతి. రాత్రి భోజనాలయ్యాక, లైట్లు ఆర్పేశాక, నాన్న షెడ్డులోకి వెళ్లి కదలకుండా నిలబడేవాడు. నన్నూ తీసుకెళ్లేవాడు అప్పుడప్పుడు. పగలైతే కోళ్ల గోలలో ఏమీ వినపడదు. చీకట్లో అన్నీ సద్దుమణిగాక ఎక్కడో మూల ఒక గురగుర, ఒక తుమ్ము వినిపిస్తే నాన్న మొహం మారిపోయేది. "పదరా, అయిపోయింది" అనేవాడు. ఒక్క కోడి తుమ్మితే అయిపోవడమేంటని నేననుకునేవాణ్ణి. ఐబీ వైరస్ సోకాక ఒకటి రెండు రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి. మనకి వినిపించేసరికే షెడ్డంతా పాకి ఉంటుంది. 1997లో అలా ఒక బ్యాచ్ పోయింది. పోవడమంటే చావలేదు. పది రోజుల పిల్లలుగా ఉన్నప్పుడు సోకి, గుడ్డు గొట్టాలు పాడైపోయాయి. పెరిగాయి, తురాయి ఎర్రబడింది, మేత శుభ్రంగా తిన్నాయి, సగానికి సగం గుడ్డే పెట్టలేదు. మిగిలినవి పెట్టినవి కూడా ముడతల పెంకులు, పగలగొడితే తెల్లసొన నీళ్లలా జారిపోయేది. ఆ ఏడాది అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్లాయి.

2003లో సార్స్‌ని ప్రపంచం నిలువరించింది. 8,096 కేసులు, 774 మరణాలతో ఆగిపోయింది. అప్పుడు పనిచేసింది పాత పద్ధతే: జ్వరం వచ్చినవాళ్లని పట్టుకోవడం, విడిగా ఉంచడం. అది పనిచేయడానికి కారణం ఆ వైరస్ గుణం. జబ్బుపడ్డ రెండో వారంలో గానీ మనిషి నుంచి వైరస్ బాగా బయటికి రాదు. కోవిడ్ వైరస్ లక్షణాలు కనపడకముందే అంటుకుంటుంది. షాపింగ్ మాల్ గుమ్మంలో నుదుటికి థర్మామీటర్ తుపాకీ పెట్టినవాళ్లు 2003 నాటి యుద్ధం చేస్తున్నారు. తుమ్ము వినపడేసరికే అయిపోయిందన్న నాన్న మాట దీనికి సరిపోతుంది.

మందుల విషయంలోనూ ఇదే తంటా. ఐబీ వచ్చాక మందు లేదు. యాంటీబయాటిక్ ఇచ్చేది వెనకాల వచ్చే ఈ-కోలై బ్యాక్టీరియా కోసం. కోవిడ్‌కి రెమ్‌డెసివిర్ ఉండేది. ఆ ప్రూఫ్ రీడర్‌కి అంత తేలిగ్గా దొరకని దొంగ అక్షరం అది, నకలు రాయడాన్ని మధ్యలో ఆపేస్తుంది. మొదటి వారంలో ఇస్తే బాగా పనిచేస్తుంది. మనం ఇచ్చింది ఎప్పుడు? ఆక్సిజన్ పడిపోయి ఆసుపత్రిలో చేరాక. అప్పటికి వైరస్ పని చాలావరకు అయిపోయి, ఒంట్లో మంట మిగులుతుంది. దానికి పనిచేసింది చవగ్గా దొరికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2021 ఏప్రిల్లో మా సహోద్యోగి ఒకాయన వాళ్ల నాన్న కోసం, ఒక ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన చీటీ పట్టుకుని, ఆరు రెమ్‌డెసివిర్ సీసాలకి బ్లాకులో లక్షన్నర పెట్టాడు. వాళ్ల నాన్న దక్కలేదు. సీసాల్లో రెండు మిగిలిపోయాయి.

ఇక నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయానికొస్తాను. 2020 ఏప్రిల్లో మా వీధిలోకి మున్సిపాలిటీ ట్రాక్టరొచ్చి హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ మందు, చల్లింది. రోడ్డు మీద, గోడల మీద, పార్క్ చేసిన స్కూటర్ల మీద. జనం బాల్కనీల్లోంచి వీడియోలు తీశారు. బాబాయికి ఆ వీడియో పంపితే పడీపడీ నవ్వాడు. "మట్టి మీద కొడుతున్నార్రా! మురికి మీద మందు కొడితే చచ్చేది మందే." షెడ్డు ఖాళీ అయ్యాక చేసే వరస వాళ్లకి కంఠతా వచ్చు: ముందు ఎరువు ఎత్తాలి, చీపురు పట్టాలి, సబ్బు నీళ్లతో కడగాలి, ఆరనివ్వాలి, అప్పుడు మందు. క్లోరిన్ మట్టినీ పేడనీ వేరుచేసి చూడదు. మురికితోనే సరిపెట్టుకుంటుంది. మందు మనుషుల మీద చల్లొద్దని ఏప్రిల్ 18న కేంద్రమే చెప్పాల్సి వచ్చింది, అప్పటికే కొన్నిచోట్ల సొరంగాలు కట్టి మరీ చల్లారు కాబట్టి. మేం కూడా తక్కువ తినలేదు లెండి. మా ఆవిడ పాల ప్యాకెట్లు సర్ఫ్‌తో కడిగింది. నేను న్యూస్‌పేపర్ ఎండలో పెట్టాను. వస్తువు ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో చెప్పింది.

వస్తువుల్ని అంతగా కడిగినవాళ్లం గాలిని వదిలేశాం. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని పెద్ద అక్షరాలతో ట్వీట్ చేసింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, అది తప్పు, గాలిని పట్టించుకోండి అని రాశారు. అందులో ముందున్న లిడియా మొరావ్‌స్కా గాలిలో కణాల మీద పనిచేసే భౌతిక శాస్త్రవేత్త. అప్పటికే ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలో స్కాజిట్ లోయ అనే చోట మార్చి 10న 61 మంది భజన బృందంలా ఒక హాలులో చేరి పాటల సాధన చేస్తే 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. సంస్థ తన వెబ్‌సైట్‌లో మాట మార్చడానికి 2021 ఏప్రిల్ చివరిదాకా పట్టింది. మన రెండో వేవ్ అప్పటికి శిఖరం మీద ఉంది.

కోళ్ల షెడ్డు ఎలా కడతారో చూసినవాడెవడూ ఈ వాదనలో అంత కాలం వృథా చేసేవాడు కాదు. మా వైపు షెడ్డు పొడుగు తూర్పు పడమరగా ఉంటుంది, పక్కలు తెరిచే ఉంటాయి, వెడల్పు మరీ ఎక్కువ పెట్టరు, గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకి దూసుకుపోవాలి. రెండు షెడ్ల మధ్య ఖాళీ వదులుతారు. చలికాలం పరదాలు దించినా పైన జానెడు సందు ఉంచుతారు. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు మండాయా, అమ్మోనియా పేరుకుంది, గాలి ఆడట్లేదు. ఆ అమ్మోనియా గొంతులోని సన్నటి నూగుని పాడుచేస్తుంది, ఐబీ అక్కడే దెబ్బ కొడుతుంది. అందుకే మా నాన్నకి షెడ్డులో కళ్లు మండితే కోపం వచ్చేది, పనివాణ్ణి ముందు పరదా ఎత్తమనేవాడు, తర్వాతే మాట.

మనుషులకి ఆ విద్య లేదని కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి వందేళ్లు దాటాయి. క్షయకి మందులు లేని ఆ రోజుల్లో శానటోరియం వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, తిండే. మందులొచ్చాక ఆ గాలి పాఠం మర్చిపోయాం. ఇప్పుడు మన స్కూళ్లు "ఏసీ క్లాస్‌రూములు" అని ఫ్లెక్సీ కట్టి ఫీజు పెంచుతున్నాయి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది. నలభైమంది వదిలిన ఊపిరిని నలభైమందికీ చల్లగా వడ్డిస్తుంది.

మనిషి కోడి కాదని నాకూ తెలుసు. కోళ్ల ఫారంలో ఒక బ్యాచ్ అంతా ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది, మధ్యలో షెడ్డు ఖాళీగా ఆరుతుంది. ఊరికి అలా విరామం ఇవ్వలేం, ఇవ్వాలనుకున్న లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు రోడ్డున పడ్డారో చూశాం. కోడి విలువ గుడ్లలో తేలుతుంది, మనిషిది తేలదు. జబ్బు కోడిని తీసేసే రైతుని మనం ఆదర్శంగా పెట్టుకోలేం. నేను అరువు తెచ్చుకోమనేది వాళ్ల మనసుని కాదు, చూపుని. వైరస్ పోతుందని వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. ఒక్క మందు మీద బరువంతా పెట్టలేదు. టీకా వేస్తూనే పరదా ఎత్తారు, పరదా ఎత్తుతూనే గేటు దగ్గర కాళ్లు కడిగించారు.

పోయిన సంవత్సరం నేనొక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. అరచేతిలో పడుతుంది. బయటి గాలిలో 420కి కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో దాన్ని బట్టి తెలుస్తుంది, మనుషుల అమ్మోనియా అనుకోండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయి షెడ్డులో పెట్టి చూశాను. తర్వాత మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగితే, ఏసీ గదిలో జేబులోంచి తీసి చూశాను. షెడ్డులో కంటే రెట్టింపు దాటింది. టీచరుగారికి చూపించాను. ఆవిడ పాపం శ్రద్ధగా విని, మేనేజ్‌మెంట్‌కి చెప్తానన్నారు. కిటికీలు తెరవొచ్చు కదండీ అన్నాను. తెరుచుకోవు సార్, ఏసీ పెట్టినప్పుడు సీల్ చేసేశారు అన్నారు.

ఫోన్లో బాబాయికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ అమ్మాయి కళ్లు మండుతున్నాయంటోందా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్, మనుషుల ఊపిరికి కళ్లు మండవు కదా."

"అదేరా మరి," అన్నాడు, "మండుంటే ఈపాటికి పగలగొట్టేవాళ్లు."